‘స్కాట్ దొర’ రే స్టీవెన్సన్ జీవితం, నటన: తరచుగా అడిగే ప్రశ్నలు

‘ఆర్‌ఆర్‌ఆర్’ టీవీలో వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి. స్కాట్ దొర వేషం వేసిందెవరు, ఆయన నిజంగా ఆంగ్లేయుడేనా, ఇంకే సినిమాల్లో ఉన్నారు, చనిపోయారన్న మాట నిజమేనా అని అడుగుతూనే ఉన్నారు. తెలుగువారిలో చాలామందికి ఆయన ఒక్క సినిమాతోనే, అది కూడా అసహ్యించుకోదగిన పాత్రతోనే తెలుసు. ఆ పాత్రకు ముందు ఆయనకు ముప్పై ఏళ్లకు చేరువైన నటజీవితం ఉంది, అది తెలుసుకోదగినది. అందుకే ఈ ప్రశ్నలన్నిటినీ దశలవారీగా ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## పుట్టుక, పెంపకం

‘ఆర్‌ఆర్‌ఆర్’లో స్కాట్ దొరగా వేసిన నటుడి పేరు ఏమిటి?

ఆయన పేరు రే స్టీవెన్సన్. పూర్తి పేరు జార్జ్ రేమండ్ స్టీవెన్సన్. 1964 మే 25న జన్మించారు, 2023 మే 21న మరణించారు. ఆరడుగులకు బాగా మించిన ఎత్తు, వెడల్పాటి భుజాలు, గంభీరమైన గొంతు ఉన్న నటుడు కావడంతో యోధులు, సైనికులు, సముద్రపు దొంగలు, నేరసామ్రాజ్యాల పెద్దలు వంటి పాత్రలు ఎక్కువగా దక్కాయి.

ఆయన ఐరిష్ వారా, ఇంగ్లిష్ వారా?

రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఆయన పుట్టింది ఉత్తర ఐర్లండ్‌లోని లిస్బర్న్ పట్టణంలో. ఉత్తర ఐర్లండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాబట్టి ఆయన పుట్టుకతోనే బ్రిటిష్ పౌరులు. తల్లి ఐరిష్ మహిళ, తండ్రి బ్రిటిష్ రాజ వైమానిక దళంలో పనిచేసిన ఆంగ్లేయుడు. ఎనిమిదేళ్ల వయసులో కుటుంబంతో ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని న్యూకాజిల్‌కు వచ్చి, మొదట అక్కడి లెమింగ్టన్‌లోను, తర్వాత నార్తంబర్లాండ్‌లోని క్రామ్లింగ్టన్‌లోను పెరిగారు. ఆయనను ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన బ్రిటిష్ నటుడు అనడం సబబు. లండన్ దొరల కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి మాత్రం కాదు. స్కాట్ పాత్రలోని ఆ దొరతనం పూర్తిగా అభినయమే.

చిన్నప్పటి నుంచే నటుడు కావాలనుకున్నారా?

నటన మీద ఆశ ఉన్నా, అది తనబోటి వారికి అందే వృత్తి కాదనే భావనతో ఆయన చిత్రకళ వైపు, డిజైన్ వైపు వెళ్లారు. లండన్‌లో ఒక ఆర్కిటెక్చర్ సంస్థలో ఇంటీరియర్ డిజైనర్‌గా కొన్నేళ్లు పనిచేశారు. చాలామంది బ్రిటిష్ నటులు పద్దెనిమిది, ఇరవై ఏళ్లకే నటనా పాఠశాలల్లో చేరిపోయే వయసులో ఈయన ఇళ్లకు, ఆఫీసులకు లోపలి అలంకరణలు గీస్తూ ఉన్నారు.

## నటన వైపు మళ్లిన దశ

మంచి ఉద్యోగం వదులుకుని నటనలోకి ఎందుకు వచ్చారు?

దానికి కారణం ఒక నాటకం. పాతికేళ్ల వయసులో లండన్ వెస్ట్ ఎండ్‌లో అమెరికన్ నటుడు జాన్ మాల్కోవిచ్ నటించిన ‘బర్న్ దిస్’ అనే నాటకాన్ని చూశారు. వేదిక మీద ఆ నటుడి పని చూశాకనే, తాను కూడా ఇదే చేయాలని నిర్ణయించుకున్నట్లు స్టీవెన్సన్ తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పారు. జీతం వచ్చే ఉద్యోగాన్ని విడిచి, ఆ వయసులో మళ్లీ విద్యార్థిగా చేరడం తేలికైన నిర్ణయం కాదు. ఆయన పాత్రలలో కనిపించే నిబ్బరానికి ఈ ఆలస్యపు ఆరంభం కూడా ఒక కారణమని మా అభిప్రాయం. తెర మీదికి వచ్చేనాటికే ఆయన లోకం చూసిన మనిషి.

నటన ఎక్కడ నేర్చుకున్నారు?

బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్‌లో నేర్చుకున్నారు. 1946లో మొదలైన ఈ సంస్థ బ్రిటన్‌లోని పేరున్న నటనా పాఠశాలల్లో ఒకటి. డేనియల్ డే లూయిస్, జెరెమీ ఐరన్స్, ఒలీవియా కోల్మన్ కూడా అక్కడ చదువుకున్నవారే.

మొదట్లో ఎలాంటి వేషాలు వేశారు?

1993లో ‘ఎ ఉమన్స్ గైడ్ టు అడల్టరీ’ అనే బ్రిటిష్ టీవీ నాటకంతో మొదలుపెట్టి, 1990ల పొడవునా ‘బ్యాండ్ ఆఫ్ గోల్డ్’, ‘పీక్ ప్రాక్టీస్’, ‘సిటీ సెంట్రల్’ వంటి సీరియళ్లలో నటించారు. అవి బ్రిటన్ ప్రేక్షకులకు బాగా తెలిసిన ధారావాహికలే అయినా, దేశం దాటి ఆయన పేరు మోయగలిగినవి కావు. 1998లో పాల్ గ్రీన్‌గ్రాస్ దర్శకత్వంలో కెనెత్ బ్రానా, హెలెనా బోనమ్ కార్టర్ నటించిన ‘ది థియరీ ఆఫ్ ఫ్లైట్’ సినిమాలో ఒక చిన్న పాత్ర వేశారు.

ఆయన ఏసుక్రీస్తు పాత్ర వేశారంటారు, నిజమేనా?

నిజమే. ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో మధ్యయుగాల నుంచి వస్తున్న నాటకాల పరంపర ఒకటి ఉంది. సృష్టి మొదలు అంతిమ తీర్పు వరకు బైబిల్ కథలను ఊరివారే ప్రదర్శించే సంప్రదాయం అది. 2000 సంవత్సరంలో ఆ నాటకాలను యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి లోపలనే ప్రదర్శించారు. అందులో క్రీస్తు పాత్రధారి రే స్టీవెన్సన్. ఆ తర్వాత 2003లో లండన్ నేషనల్ థియేటర్ ప్రదర్శించిన ‘డచెస్ ఆఫ్ మాల్ఫీ’లో క్రూరుడైన కార్డినల్‌గా నటించారు. మూడేళ్ల తేడాలో ఒకే నటుడు క్రీస్తుగాను, చెల్లెలి ప్రాణం తీయించే మతాధికారిగాను కనిపించారన్న మాట. భారీ శరీరాన్ని చూసి ఆయన్ను ఫైట్ల నటుడిగా లెక్కగట్టేవారు ఈ రంగస్థల నేపథ్యాన్ని గుర్తుంచుకోవాలి.

హాలీవుడ్‌లో మొదటి పెద్ద అవకాశం ఏది?

2004లో ఆంట్వాన్ ఫుక్వా దర్శకత్వంలో వచ్చిన ‘కింగ్ ఆర్థర్’. ఆర్థర్ అనుచరులైన వీరులలో ఒకడైన డాగొనెట్‌గా వేశారు. మాటలు తక్కువ ఉన్న పాత్ర అది. గడ్డకట్టిన సరస్సు మీద శత్రుసేన దూసుకు వస్తూంటే, గొడ్డలితో మంచు పలకను పగలగొట్టడానికి ఒంటరిగా ముందుకు పరుగెత్తి, బాణాలకు ఒరిగిపోయే సన్నివేశం మాత్రం సినిమా చూసినవారికి గుర్తుండిపోతుంది. క్లైవ్ ఓవెన్, మాడ్స్ మికెల్‌సన్, కీరా నైట్లీ వంటివారు ఉన్న తారాగణంలో ఆయన్ను గమనించేలా చేసింది ఆ సన్నివేశమే.

## ‘రోమ్’ ధారావాహిక

‘రోమ్’ గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు?

రే స్టీవెన్సన్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది అదే కనుక. అమెరికాకు చెందిన హెచ్‌బీఓ, బ్రిటన్‌కు చెందిన బీబీసీ, ఇటలీకి చెందిన రాయ్ కలిసి నిర్మించిన ఈ ధారావాహిక 2005 ఆగస్టులో మొదలై 2007 మార్చిలో ముగిసింది. రెండు సీజన్లలో మొత్తం 22 ఎపిసోడ్లు వచ్చాయి. జూలియస్ సీజర్ ఎదుగుదల, హత్య, ఆ తర్వాత ఆగస్టస్ చేతికి అధికారం చిక్కడం ఇందులోని పెద్ద కథ. ఆ పెద్ద కథను ఇద్దరు మామూలు సైనికుల బతుకుల మీదుగా చెప్పడమే దీని ప్రత్యేకత. నియమం తప్పని ల్యూసియస్ వొరీనస్‌గా కెవిన్ మెక్‌కిడ్, ఏ నియమానికీ లొంగని టైటస్ పుల్లోగా స్టీవెన్సన్ నటించారు.

పుల్లో తాగుతాడు, జూదమాడుతాడు, కోపం వస్తే చేతికి అందినవాణ్ని చంపేస్తాడు. అలాంటివాడి మీద ప్రేక్షకుడికి ప్రేమ కలగడం కష్టం. స్టీవెన్సన్ ఆ పాత్రలో ఒక పసితనాన్ని పట్టుకున్నారు. తప్పు చేశాక తల వంచుకుని నిలబడే తీరు, స్నేహితుడు మాట్లాడకపోతే బెంగపడే తీరు చూస్తే ఆ హింస వెనుక ఉన్న ఒంటరితనం తెలుస్తుంది. 41 ఏళ్ల వయసులో ఆయన్ను ప్రేక్షకుల ముందుకు తెచ్చిన ఈ పాత్ర ఆయన జీవితంలోనే ఉత్తమమైనదని మేము నిస్సంకోచంగా అంటాము.

టైటస్ పుల్లో నిజంగా ఉన్న మనిషేనా?

ఆ పేరు చరిత్రలో ఉంది. గాల్ యుద్ధాల గురించి సీజర్ స్వయంగా రాసిన గ్రంథం ఐదో భాగంలో పుల్లో, వొరీనస్ అనే ఇద్దరు సైనికాధికారులు కనిపిస్తారు. ఇద్దరికీ పదోన్నతి కోసం ఎప్పుడూ పోటీ. క్రీస్తుపూర్వం 54లో శత్రువులు రోమన్ శిబిరాన్ని ముట్టడించినప్పుడు, ధైర్యం ఎవరిదో తేల్చుకుందామంటూ పుల్లో కోట బయటికి దూకుతాడు. ఒక ఈటె అతని డాలును చీల్చుకుని నడుము పట్టీలో దిగబడి, ఒర పక్కకు జరిగిపోవడంతో కత్తి దూయలేక చిక్కుకుంటాడు. వొరీనస్ వచ్చి కాపాడతాడు. కాసేపటికి వొరీనస్ కాలు జారి పడితే పుల్లో అతన్ని కాపాడతాడు. సీజర్ చెప్పింది ఇంతవరకే. ధారావాహికలో ఆ ఇద్దరికీ ఉన్న కుటుంబాలు, ప్రేమలు, నేరాలు అన్నీ రచయితల కల్పనలు. సీజర్ గ్రంథంలో ఇద్దరిదీ సమాన హోదా కాగా, ధారావాహికలో పుల్లోను సామాన్య సిపాయిని చేశారు.

ఆ ధారావాహిక మొత్తం చూసే తీరిక లేదు. ఆయన నటన తెలిసే ఒక్క సన్నివేశం చెప్పండి.

మొదటి సీజన్ 11వ ఎపిసోడ్‌లో వచ్చే మల్లరంగం సన్నివేశం చూడండి. సైన్యం నుంచి బయటపడి, పని లేక, డబ్బుకు హత్యలు చేసి పట్టుబడిన పుల్లోకు మరణశిక్ష పడుతుంది. జనం మధ్య ఇసుకలో నిలబెట్టి గ్లాడియేటర్లను మీదికి వదులుతారు. అతను పోరాడడు. చావాలనే నిర్ణయించుకుని ఇసుకలో చతికిలబడతాడు. కొట్టినా లేవడు, తిట్టినా పలకడు. చివరికి వాళ్లు అతను పనిచేసిన పదమూడో దళాన్ని బూతులు తిడతారు. అప్పుడు ఆ ముఖంలో మెల్లగా వచ్చే మార్పును కెమెరా దగ్గరగా పట్టుకుంటుంది. ముందు నొప్పి, తర్వాత సిగ్గు, ఆ తర్వాతే కోపం. లేచి ఒక్కొక్కరినీ నరుకుతూ తన దళం పేరును గొంతు చించుకుని అరుస్తాడు. రక్తపాతం భరించలేనివారికి ఇది తగదు. నటన దృష్టితో చూసేవారికి మాత్రం, ఆ లేవకముందు కూర్చున్న కొద్ది నిమిషాలే అసలు విషయం.

అంత బాగుంటే రెండు సీజన్లతోనే ఎందుకు ఆపేశారు?

ఖర్చే కారణం. రోమ్ నగరంలోని చినెచిట్టా స్టూడియోలో ప్రాచీన నగరాన్ని ఆరుబయట సెట్లుగా కట్టారు. మొదటి సీజన్‌కే దాదాపు 10 కోట్ల డాలర్లు అయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ధారావాహిక ముగిసిన కొద్ది నెలలకు, 2007 ఆగస్టులో స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ సెట్లలో కొంత భాగం కాలిపోయింది.

## సినిమాల దశ

ఆయన హీరోగా చేసిన సినిమాలు ఉన్నాయా?

ఉన్నాయి. చెప్పుకోవలసినవి రెండు. మొదటిది 2008 డిసెంబరులో విడుదలైన ‘పనిషర్: వార్ జోన్’. కుటుంబాన్ని పోగొట్టుకుని నేరస్థులను వేటాడే మార్వెల్ కామిక్స్ పాత్ర ఫ్రాంక్ కాజిల్‌గా నటించారు. ఒకప్పటి కరాటే, కిక్‌బాక్సింగ్ ఛాంపియన్ లెక్సీ అలెగ్జాండర్ దీనికి దర్శకురాలు. డాల్ఫ్ లండ్‌గ్రెన్, థామస్ జేన్ తర్వాత ఆ పాత్రను వెండితెర మీద పోషించిన మూడో నటుడు స్టీవెన్సన్. హింస మితిమీరిందన్న విమర్శలతో సినిమా దారుణంగా దెబ్బతింది. తర్వాతి కాలంలో మాత్రం కామిక్స్ అభిమానుల్లో దానికి ప్రత్యేకమైన ఆదరణ ఏర్పడింది.

రెండోది 2011లో వచ్చిన ‘కిల్ ది ఐరిష్‌మన్’. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఓడరేవు కార్మిక సంఘ నాయకుడిగా మొదలై, మాఫియాతో తలపడి, 1977 అక్టోబరులో కారు బాంబుకు బలైన డానీ గ్రీన్ నిజజీవిత కథ ఇది. క్రిస్టఫర్ వాకెన్, విన్సెంట్ డొనోఫ్రియో, వాల్ కిల్మర్ వంటి పేరున్నవారి మధ్య కథ మొత్తాన్ని స్టీవెన్సన్ మోశారు. ఇది పెద్దగా ఆడలేదు. ఆయనకు కథానాయకుడిగా ఇలాంటి పాత్రలు మరికొన్ని దక్కి ఉండవలసింది.

మార్వెల్ ‘థోర్’ సినిమాల్లో ఉన్నారంటారు, నేను గుర్తుపట్టలేకపోయాను. ఏ పాత్ర?

థోర్ మిత్రులైన ముగ్గురు యోధులలో భోజనప్రియుడు, ఎర్రగడ్డపు వోల్‌స్టాగ్ ఆయనే. 2011, 2013, 2017లలో వచ్చిన మూడు ‘థోర్’ సినిమాల్లోనూ ఉన్నారు. లావుగా కనిపించడానికి బొజ్జ అమర్చిన ప్రత్యేక దుస్తులు వేసుకోవడం, ముఖమంతా గడ్డం ఉండడం వల్ల స్కాట్ దొరగా చూసినవారు గుర్తుపట్టలేకపోవడం సహజం. మూడో సినిమాలో ఆ పాత్ర హెలా చేతిలో మరణిస్తుంది.

ఇంకా ఏ పెద్ద సినిమాల్లో ఉన్నారు?

డెంజెల్ వాషింగ్టన్ నటించిన ‘ది బుక్ ఆఫ్ ఎలై’ (2010)లో ప్రతినాయకుడి కుడిభుజంగా, ‘ది త్రీ మస్కెటీర్స్’ (2011)లో పోర్తోస్‌గా, ‘జి.ఐ. జో: రిటాలియేషన్’ (2013)లో ఫైర్‌ఫ్లైగా, 2014 నుంచి 2016 వరకు వచ్చిన ‘డైవర్జెంట్’ వరుసలో మార్కస్ ఈటన్‌గా నటించారు. వీటిలో చాలావరకు ఆయన స్థాయికి తగినంత పని లేని పాత్రలే.

ఆయన వేసినవన్నీ విలన్ వేషాలేనా?

కావు. ప్రతినాయకుడిగా చేసినప్పుడు కూడా మామూలు విలన్‌గా చేయలేదు. ‘డెక్స్‌టర్’ ధారావాహిక ఏడో సీజన్ (2012)లో ఉక్రెయిన్ నేర ముఠా నాయకుడు ఐజాక్ సిర్కోగా కనిపించారు. తన మనిషిని చంపిన హంతకుణ్ని వెతుక్కుంటూ మయామీకి వచ్చిన ఈ ముఠా నాయకుడు, ఒక బార్‌లో అదే హంతకుడి పక్కన కూర్చుని, చనిపోయినవాడు తన అనుచరుడు మాత్రమే కాదని, తాను ప్రేమించిన మనిషి అని చెబుతాడు. గొంతు పెంచకుండా, కన్నీరు కార్చకుండా చెప్పిన ఆ మాటలతో ప్రేక్షకుడి జాలి పూర్తిగా ప్రతినాయకుడి వైపు మళ్లుతుంది. ఆ తర్వాత ‘బ్లాక్ సెయిల్స్’ చివరి రెండు సీజన్లలో నల్లగడ్డపు సముద్రపు దొంగ ఎడ్వర్డ్ టీచ్‌గాను, ‘వైకింగ్స్’ చివరి సీజన్‌లో ఓథర్ అనే సంచారిగాను నటించారు.

## ‘ఆర్‌ఆర్‌ఆర్’

ఈ సినిమాలోకి ఎప్పుడు వచ్చారు?

ప్రతినాయకుడి పాత్రకు రే స్టీవెన్సన్‌ను, ఆయన భార్య పాత్రకు అలిసన్ డూడీని, జెన్నీ పాత్రకు ఒలీవియా మోరిస్‌ను తీసుకున్నట్లు 2019 నవంబరులో చిత్రబృందం ప్రకటించింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగిన షూటింగ్ అక్టోబరులో మళ్లీ మొదలైంది. సినిమా 2022 మార్చి 25న విడుదలైంది.

స్కాట్ అనే గవర్నర్ నిజంగా ఉన్నాడా?

లేడు. గవర్నర్ స్కాట్ బక్స్‌టన్ పూర్తిగా కల్పిత పాత్ర. కథ జరిగే 1920ల ఢిల్లీలో గవర్నర్ పదవే లేదు. దేశానికి వైస్రాయి, ఢిల్లీ ప్రాంతానికి చీఫ్ కమిషనర్ ఉండేవారు. 1922 నుంచి 1924 వరకు మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం మీద జరిగింది. కొమరం భీమ్ పోరాడింది ఆంగ్లేయుల మీద కాదు, నిజాం ప్రభుత్వం మీద. ఆయన 1940లో జోడేఘాట్ వద్ద అమరులయ్యారు. ఈ ఇద్దరు వీరులూ కలుసుకున్నారన్నదే సినిమా చేసిన ఊహ. ఆ ఊహకు తగిన ఉమ్మడి శత్రువు కావాలి కనుక స్కాట్ పాత్ర పుట్టింది. చరిత్ర పాఠాలు చదువుకునే పిల్లలకు ఈ తేడా తప్పకుండా చెప్పాలి.

తూటా ఖరీదు చెప్పే సన్నివేశం గురించి ఎందుకు అంత మాట్లాడుకుంటారు?

సినిమా మొదట్లో, ఆదిలాబాద్ అడవిలో చిన్నారి మల్లిని స్కాట్ దంపతులు కారులో ఎక్కించుకుని పోతుంటే తల్లి అడ్డుపడుతుంది. ఒక సిపాయి తుపాకీ గురిపెడతాడు. స్కాట్ కారు దిగి అతన్ని వారిస్తాడు. క్షణం పాటు, ఈ దొరకు జాలి కలిగిందేమో అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో తయారై, సముద్రాలు దాటి వచ్చిన ఈ తూటా ఎంత ఖరీదైందో తెలుసా, దీన్ని ఇలాంటివారి మీద వృథా చేస్తావా అని స్కాట్ అడిగాక, సిపాయి అక్కడ పడి ఉన్న దుంగ అందుకుంటాడు.

ఆ మాటలను పళ్లు కొరుకుతూ, కళ్లు ఎర్రజేసి చెప్పే నటులు చాలామంది ఉన్నారు. స్టీవెన్సన్ వాటిని ఒక యజమాని కొత్త నౌకరుకు ఖర్చు లెక్కలు నేర్పుతున్నంత మామూలుగా చెప్పారు. ద్వేషం కూడా లేని ఆ తీరే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే ద్వేషించడానికైనా ఎదుటివారిని మనుషులుగా గుర్తించాలి. మూడు గంటల సినిమాను నడిపించే కసి ప్రేక్షకుడిలో అక్కడే పుడుతుంది. పతాక ఘట్టంలో ఆ తూటా విలువ మాట తిరిగి స్కాట్‌కే ఎదురైనప్పుడు థియేటర్లు దద్దరిల్లాయంటే, ఆ మొదటి సన్నివేశంలో ఆయన వేసిన పునాది అంత గట్టిది.

భార్యగా వేసినావిడ ఎవరు?

అలిసన్ డూడీ. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టిన నటి. 1989 నాటి ‘ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రూసేడ్’లో ఎల్సా పాత్రతో ప్రసిద్ధురాలయ్యారు.

ఆ వయసులో ఫైట్లు ఆయనే చేశారా?

ఆయన మరణించినప్పుడు చిత్రబృందం ఒక చిత్రీకరణ ఫొటోను పంచుకుంటూ, కష్టమైన ఆ స్టంట్ చేసేనాటికి ఆయన వయసు 56 అని, అయినా ఏమాత్రం వెనుకాడలేదని గుర్తుచేసుకుంది. కత్తియుద్ధాలు, గుర్రపు స్వారీ అప్పటికే ఆయనకు అలవాటైన విద్యలు.

తెలుగు చిత్రబృందంతో ఆయన ఎలా మెలిగారు?

దర్శకుడు రాజమౌళి సంతాప సందేశంలో, ఆయన సెట్‌లోకి ఉత్సాహాన్ని మోసుకొచ్చేవారని, అది చుట్టూ ఉన్నవారికి కూడా అంటుకునేదని, ఆయనతో పనిచేయడం ఎంతో ఆనందాన్నిచ్చిందని రాశారు. జూనియర్ ఎన్టీఆర్ కూడా దిగ్భ్రాంతి ప్రకటించారు. తెర మీద అంత కఠినుడిగా కనిపించిన మనిషి గురించి తోటివారు ఇలా చెప్పడం మాకు సంతోషం కలిగించింది.

ఈ సినిమాకు వచ్చిన ఆస్కార్‌లో ఆయనకు భాగం ఉందా?

2023 మార్చి 12న వచ్చిన ఆస్కార్ ఉత్తమ పాట విభాగానిది. ‘నాటు నాటు’కు సంగీత దర్శకుడు కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ దానిని అందుకున్నారు. నటులకు అందులో పురస్కారం లేదు. వ్యక్తిగతంగా స్టీవెన్సన్ ఏనాడూ ఆస్కార్ నామినేషన్ పొందలేదు.

## చివరి రోజులు, ఆ తర్వాత

ఆయన ఎలా చనిపోయారు?

ఇటలీలోని ఇస్కియా ద్వీపంలో ‘కాసినో ఇన్ ఇస్కియా’ అనే సినిమా షూటింగ్‌లో ఉండగా అస్వస్థతకు గురై ఆసుపత్రిలో చేరారు. 2023 మే 21న మరణించారు. 59వ పుట్టినరోజుకు అప్పటికి నాలుగు రోజులే ఉంది. మరణవార్తను ధ్రువీకరించిన ఆయన ప్రతినిధి కారణాన్ని ప్రకటించలేదు. అందువల్ల యూట్యూబ్ వీడియోలలో రకరకాలుగా చెప్పే కారణాలను నమ్మి ప్రచారం చేయవద్దని మనవి.

కుటుంబం గురించి చెప్పండి.

నటి రూత్ గెమ్మెల్‌ను 1997లో వివాహం చేసుకున్నారు. 2005లో విడిపోయారు. ‘బ్రిడ్జర్టన్’లో తల్లి వయొలెట్‌గా కనిపించేది ఆవిడే. ఆ తర్వాత ఇటలీకి చెందిన ఒక మానవశాస్త్రవేత్త ఆయనకు జీవన సహచరి అయ్యారు. వారికి ముగ్గురు కుమారులు.

మరణం తర్వాత వచ్చిన ‘అసోకా’లో ఆయన పాత్ర ఏమిటి? ఆ పేరు మన అశోకుడిదేనా?

కాదు, అది ‘స్టార్ వార్స్’ కథలోని అసోకా టానో అనే వీరవనిత పేరు. 2023 ఆగస్టులో డిస్నీ ప్లస్‌లో మొదలైన ఎనిమిది ఎపిసోడ్ల ధారావాహిక అది. స్టీవెన్సన్ అంతకుముందు ఇదే లోకానికి చెందిన యానిమేషన్ ధారావాహికలలో గార్ సాక్సన్ పాత్రకు గొంతు ఇచ్చారు. ఇక్కడ బేలన్ స్కోల్‌గా స్వయంగా తెర మీదికి వచ్చారు. తన గురుపరంపర నాశనం కావడం కళ్లారా చూసి, కిరాయి యోధుడిగా మారినా, ఏదో పెద్ద ప్రశ్నకు సమాధానం వెతుకుతూ తిరిగే మనిషి బేలన్. నెరసిన గడ్డంతో, నెమ్మదిగా, విచారంగా మాట్లాడే ఈ పాత్రను చాలామంది విమర్శకులు ఆ ధారావాహికకే బలమన్నారు, మేమూ ఆ మాటతో ఏకీభవిస్తాము. మొదటి ఎపిసోడ్ చివర మిత్రుడు రే కోసమంటూ అంకితం కనిపిస్తుంది.

ఆ పాత్ర కథ ముగియలేదు కదా, ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

రెండో సీజన్‌కు స్కాట్లండ్ నటుడు రోరీ మెకాన్‌ను తీసుకున్నారు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో ముఖం కాలిన యోధుడు శాండర్ క్లెగేన్ ఆయనే.

## చూడాలనుకునేవారికి

ఆయన పని చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్కాట్ దొరగా మాత్రమే తెలిసినవారు ముందుగా ‘అసోకా’ చూడడం మంచిది. కుటుంబంతో కలిసి చూడదగినది, నిడివి తక్కువ, ఆయన పరిణతి కనిపించేది. ‘స్టార్ వార్స్’ పాత కథలు తెలియకపోతే కొంత తికమక ఉంటుంది కానీ, బేలన్ సన్నివేశాలకు ఆ పరిచయం అంతగా అవసరం లేదు. ఆ తర్వాత ‘కిల్ ది ఐరిష్‌మన్’, దాని వెంట ‘డెక్స్‌టర్’ ఏడో సీజన్ చూడవచ్చు. తీరిక చేసుకోగలిగినవారు ‘రోమ్’ 22 ఎపిసోడ్లను వరుసగా, మొదటి నుంచి చూడాలి. మధ్యలో అందుకుంటే పుల్లో, వొరీనస్‌ల స్నేహం ఎలా గట్టిపడిందో తెలియదు. ‘రోమ్’లోను, ‘డెక్స్‌టర్’లోను నగ్న దృశ్యాలు, తీవ్రమైన హింస ఉన్నాయి కాబట్టి పిల్లలు పక్కన ఉన్నప్పుడు పెట్టవద్దు. ‘పనిషర్: వార్ జోన్’ విషయంలో కూడా అదే జాగ్రత్త అవసరం.